పందుల అధికారి పదవి

మా హాడక్ కోవ్‌లో పందుల అధికారి పదవి కోసం కలలు కన్న మగవాడు ఒకే ఒక్కడు, పీపాలు చేసే జేబెజ్ స్ప్రేగ్. తక్కినవాళ్ళంతా ఆ పేరు వింటేనే మొహం చాటేసేవారు. ఏటా మార్చిలో ప్రార్థన మందిరంలో ఊరి సభ పెట్టుకుని, రోడ్లు చూడ్డానికి ఒకణ్ణి, కంచెలు చూడ్డానికి ఒకణ్ణి, చేపల తూకం చూడ్డానికి ఒకణ్ణి ఎన్నుకుంటాం. ఆఖర్న పందుల వంతు వస్తుంది. కంచెలు దూరి ఊళ్ళోవాళ్ళ మొక్కజొన్నంతా మేసే పందుల్ని తరిమి పట్టుకుని, ముక్కుకు ఇనప రింగు తగిలించి, బందెలదొడ్లోకి తోలే ఉద్యోగమది. ఆ ఏడు పెళ్ళయిన కొత్త పెళ్ళికొడుక్కి దాన్ని కట్టబెట్టడం మా ఊరి ఆనవాయితీ. పేరు చదవగానే సభంతా పగలబడి నవ్వుతుంది. పెళ్ళికొడుకు చెవులదాకా ఎర్రబడతాడు. ఆ తమాషా చూడ్డానికే వచ్చి కటకటాల వెనక పై అరుగుమీద కూర్చున్న ఆడవాళ్ళలో, కొత్త పెళ్ళికూతురు మొహం టోపీలో దాచేసుకుంటుంది.

జేబెజ్ ఆ నవ్వు కోసం మొహం వాచిపోయాడు. నలభై దాటిన బ్రహ్మచారి. ఏటేటా వెనక బల్లమీద కూర్చుని, మీసాలు కూడా రాని కుర్రకుంకలకు ఆ పదవి దక్కుతుంటే చూసి, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టి, ఇంటికెళ్ళి ఒంటరిగా చిక్కుళ్ళు ఉడకేసుకుని తినేవాడు.

పిల్ల దొరక్క కాదు. పిల్ల ఎదురింట్లోనే ఉంది. బట్టలు కుట్టి బతికే కెజియా డోన్. ఆమె భర్త కాడ్ చేపల వేటకు వెళ్ళి, పడవతో సహా ఎప్పుడో సముద్రం పాలయ్యాడు. కెజియాను చేసుకోవాలని జేబెజ్ ఏనాడో నిశ్చయించుకున్నాడు. అడగడమే మిగిలింది. కొట్లో పీపాలన్నిటినీ ఆ ప్రశ్న అడిగేశాడు. పెద్ద పీపాలతో మర్యాదగా, చిన్న పీపాలతో చనువుగా. కానీ ఆవిడ ఎదురుపడి "ఏం జేబెజ్?" అందా, నాలుక అంగిట్లోకి పోయేది. "గాలి తూర్పుకు తిరిగినట్టుంది కదూ?" అనేవాడు. "తిరిగింది" అనేది ఆవిడ. కాసేపు నిలబడేది. తర్వాత తలుపు వేసుకునేది.

ఆ ఏడు వ్యవహారం ముదిరింది. పక్క ఊరు పీస్‌ఫుల్ హార్బర్‌లో పిండిమర యజమాని, భార్య పోయిన మనిషి, కెజియాకు పిండి మూటలు పంపడం మొదలెట్టాడు. మొక్కజొన్న కోతలయ్యేలోగా జవాబు చెప్పమన్నాడట. జేబెజ్‌కు ఆ కబురు అందిన రోజు సుత్తి బొటనవేలి మీద పడింది.

సరిగ్గా అప్పుడే వచ్చిపడింది ఇంగ్లండు రాజుగారి స్టాంపు పన్ను. లండన్‌లో కూర్చున్న పెద్దమనుషులు మమ్మల్ని ఒక్క మాటైనా అడక్కుండా, మసాచుసెట్స్‌లో కాగితం కదిలితే దానిమీద తమ స్టాంపు పడాల్సిందే అన్నారు. దస్తావేజుకు స్టాంపు, పత్రికకు స్టాంపు, చివరికి పేకముక్కలకు కూడా స్టాంపు. మా ఊళ్ళో పేకముక్కలు లేవు. ఉన్నా లేవనే అంటాం. అయినా ఒళ్ళు మండింది. మా తరఫున అక్కడ మాట్లాడేవాడు ఒక్కడు లేడు, మా చేతిలో కాగితం మీద పన్నా? బోస్టన్‌వాళ్ళు స్టాంపులమ్మే అధికారి దిష్టిబొమ్మను చెట్టుకు ఉరేసి, ఊరంతా ఊరేగించి తగలబెట్టారు. ఆయన హడలిపోయి ఉద్యోగం వదిలేశాడు. ఆ తర్వాత తీరం పొడుగునా ప్రతి ఊరూ తమ అధికారి బొమ్మను తగలబెట్టేసింది. పీస్‌ఫుల్ హార్బర్‌వాళ్ళయితే ఏకంగా రెండు బొమ్మలు చేసి, రెండోది మిగిలిపోయింది, కావాలంటే పట్టుకుపొండని మాకు కబురు పెట్టారు.

ఎందుకంటే మా ఊళ్ళో స్టాంపుల అధికారి లేడు. ఎవరూ వెయ్యలేదు. మేమంటూ ఒకళ్ళం ఉన్నామని లండన్‌లో ఎవరికైనా తెలుసోలేదో.

డీకన్ బర్జిలాయ్ హోవ్స్‌కు ఇది తలకొట్టేసినట్టయింది. ఆయన మా చర్చి పెద్ద, ఊరి సభకు అధ్యక్షుడు, సారాయి అంగడి యజమాని. వెంటనే సభ పిలిచాడు.

"అన్నలారా, మనకి అన్యాయం జరిగింది," అన్నాడు బల్ల గుద్ది. "అందరికీ ఓ దుర్మార్గుణ్ణి ఇచ్చి మనకి మాత్రం ఇవ్వలేదు. ఇయ్యకపోతే ఊరుకుంటామా? మనమే ఎన్నుకుందాం!"

"ఎన్నుకుంటే వాడికి స్టాంపులెవరిస్తారండీ?" అన్నాడు ముసలి సెత్.

"ఎవరూ ఇవ్వరు."

"మరి వాడేం అమ్ముతాడు?"

"ఏమీ అమ్మడు. వాడి బొమ్మ తగలెడతాం, వాడు భయపడి రాజీనామా ఇస్తాడు. అంతే వాడి ఉద్యోగం."

"ఓహో," అన్నాడు సెత్. "అయితే నేను బలపరుస్తున్నా."

చేతులెత్తారు. తీర్మానం నెగ్గింది. మావాళ్ళకు ఏదైనా పద్ధతి ప్రకారం జరగాలి. ఆకాశం మీద పడుతున్నా ముందు ప్రతిపాదన, తర్వాత బలపరచడం, ఆ తర్వాతే పరిగెత్తడం.

ఇక మనిషెవరన్నది మిగిలింది. పెళ్ళయినవాడైతే అత్తవారివైపు వాళ్ళు అలుగుతారు. పడవలవాళ్ళు వేటలో ఉన్నారు. డీకన్ చూపు అలా తిరిగి తిరిగి వెనక బల్ల దగ్గర ఆగింది.

"నేనా?" అన్నాడు జేబెజ్. "ఏంటండీ ఇది? ఈ ఊళ్ళో ఆ పన్నుని మొదట తిట్టిందే నేను!"

"అందుకే నువ్వయితే బాగుంటుందంటున్నా. అందులో చెడ్డేంటో నీకు బాగా తెలుసు."

"నా వల్ల కాదు. ఇంకెవర్నైనా చూసుకోండి."

"పోనీలే, బలవంతం లేదు," అన్నాడు డీకన్, గడ్డం గోక్కుంటూ. "పాపం, కెజియా బొమ్మ కుడతానంది. ఎవరి బొమ్మైతే వాళ్ళు రెండు మూడుసార్లు ఆవిడ దగ్గరికి కొలతలకని..."

జేబెజ్ చెయ్యి దానంతటదే లేచింది. తనను తానే బలపరుచుకుని, తనకు తానే ఓటు వేసుకున్న స్టాంపుల అధికారి అమెరికా ఖండంలో మరొకడు ఉన్నాడని నేననుకోను.

మర్నాడు పొద్దున్నే జేబెజ్ మెడ ఎర్రబడేలా రుద్దుకుని స్నానం చేశాడు. ఉన్న చొక్కాల్లో చిరుగు తక్కువున్నది తొడుక్కుని ఎదురింటి తలుపు కొట్టాడు. కొలత తాడు చుట్టూ తిప్పాలంటే ఆవిడ దగ్గరికి రాక తప్పదు. అప్పుడు చెవి పక్కనే ఉంటుంది. గుసగుసగా అడిగేస్తే చాలు.

కెజియా నోట్లో సూదితో తలుపు తీసింది.

"కొలతలకొచ్చా," అన్నాడు జేబెజ్, రెండు చేతులూ పక్కలకు చాపి.

ఆవిడ సూది తీసి అతన్ని పైనించి కిందికి ఒక్కసారి చూసింది. "అక్కర్లేదు. వెళ్ళు."

"అక్కర్లేదా? మరి నడుం? మెడ?"

"దిష్టిబొమ్మకి కొలతలేంటి జేబెజ్? చేతులు దించు, ఊరంతా చూస్తోంది."

"గాలి... కాస్త పడమరకి..."

"తిరిగింది," అని తలుపు వేసుకుంది.

పాపం, చాపిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియకుండా ఇల్లు చేరాడు. కొలతలు తియ్యడానికి కూడా పనికిరాని మనిషినైపోయానని ఆ రోజంతా ఒక్క పీపాకూ కట్టు బిగించలేదు.

దానికి తోడు ఊరు తన పని తాను చెయ్యడం మొదలెట్టింది. మావాళ్ళు వేషమేసినా మనస్ఫూర్తిగా వేస్తారు. రొట్టెలావిడ జేబెజ్‌ను చూసి వాకిట్లో ఉమ్మింది. "నేనే కదమ్మా!" అంటే, "తెలుసు నాయనా, నీమీద నాకేం కోపం లేదు" అని మళ్ళీ ఉమ్మింది. ఆదివారం పాస్టరుగారు క్రీస్తును పట్టిచ్చిన యూదా ద్రోహం గురించి ప్రసంగిస్తూ, పేరు వచ్చినప్పుడల్లా వెనక బల్లకేసి వేలు చూపించారు. బల్లమీద అతని పక్కన ఎవరూ కూర్చోలేదు. ముసలి సెత్ అయితే పెరటి గోడ మీంచి తొంగిచూసి, "ఏరా రాజు తొత్తూ! నా చేపల పీపా అయిందా?" అని అరిచాడు.

"రేపవుతుంది తాతా."

"తొందరేం లేదులే. దేశద్రోహీ!"

అన్నిటినీ భరించాడు గానీ, ఎదురింటి వంటింటి కిటికీ మాత్రం అతని ప్రాణం తోడేసింది. తెర వెనక ఎవరో కూర్చున్న నీడ. తల, భుజాలు, మగవాడే. కెజియా గొంతు గలగలా వినిపిస్తోంది, మధ్యలో నవ్వుతోంది కూడా. వారమంతా అంతే. పిండిమరవాడు మకాం పెట్టేశాడని జేబెజ్‌కు ఖాయమైపోయింది. తెగించి వెళ్ళి తలుపు కొడదామని రెండుమార్లు రోడ్డు దాటాడు, రెండుమార్లూ తిరిగొచ్చాడు. మార్చి సభ కళ్ళముందు కదిలింది. ఆ పిండిమరవాడు మా ఊరికే కాపురమొచ్చి పందుల అధికారి అయి చెవులదాకా ఎర్రబడినట్టు ఊహించుకుని, తిండి మానేశాడు.

దహనం రోజు రానే వచ్చింది. బోస్టన్‌లో బొమ్మను వేలాడదీసింది ఆకాశమంత ఎల్మ్ చెట్టుకు. మాకున్నది రేవు దగ్గర సముద్రపు గాలికి నడుం వంగిపోయిన ఆపిల్ చెట్టు. దాని కొమ్మకు వేలాడదీస్తే బొమ్మ హాయిగా నేలమీద నిలబడుతుందని కొలిచాక తెలిసింది. ఉరన్నాక వేలాడాలి కదా అని కింద గొయ్యి తవ్వారు. గోతిలోకి నీళ్ళు ఊరాయి. డీకన్ నీళ్ళు తోడించాడు. పక్క ఊరివాళ్ళు కూడా చూడ్డానికొచ్చారు, పిండిమరవాడితో సహా.

బొమ్మను బండిమీద తెచ్చి దుప్పటి లాగారు. కేకలెయ్యడానికి నోళ్ళు తెరుచుకున్నవాళ్ళు తెరుచుకున్నట్టే ఉండిపోయారు.

అది జేబెజే. తలకాయ బదులు గుమ్మడికాయ, గోనెగుడ్డ కాళ్ళు అనుకుని వచ్చారు అందరూ. ఇదేమో నిలువెత్తు మనిషి. ఏళ్ళ తరబడి సుత్తి కొట్టీ కొట్టీ ఎడమకంటే జారిన కుడిభుజం. ఎంత దువ్వినా చెవి వెనక లేచి నిలబడే జుట్టు కుచ్చు. వంకర చిటికెనవేలు. ఎవరో పిలిచినట్టు పక్కకు వాలిన తల. ఒక మేజోడు ఎప్పట్లాగే చీలమండ దాకా జారి ఉంది. దానిమీద, ఊళ్ళో ఎవరికీ లేని కొత్త కోటు. ఇంట్లో వడికిన నూలు, ఆకురంగు అద్దకం, కొమ్ము గుండీలు.

"నమస్కారం జేబెజ్," అన్నాడు ముసలి సెత్, బొమ్మతో.

జేబెజ్ కుక్క, పేరు టర్నిప్, బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, అసలు యజమాని వైపు ఓసారి, గడ్డి యజమాని వైపు ఓసారి చూసి, వెళ్ళి బొమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది.

"ఒరే టర్నిప్! ఇటురారా!" అన్నాడు జేబెజ్. అది తోకైనా ఊపలేదు.

"ఇంత మంచి గుడ్డ మంటలో వేస్తారా ఎవరైనా!" అని డీకన్ భార్య నెత్తి కొట్టుకుంది. జేబెజ్‌కు అవేవీ వినపడలేదు. అతని కళ్ళు ఆ కోటు భుజం దగ్గరే ఆగిపోయాయి. కుడివైపు వేలెడు కిందికి కుట్టింది. తాడు పట్టలేదు. దగ్గరికి రాలేదు. కిటికీలో కూర్చున్న నీడ ఎవరిదో ఇప్పుడు తెలిసింది.

డీకన్ బొమ్మకు తన పాత టోపీ పెట్టాడు, అధికారి అంటే టోపీ ఉండాలని. బొమ్మను చెట్టుకు వేలాడదీశారు. గోతిలో కాళ్ళు ఊగాయి. అందరూ మళ్ళీ ఊపు తెచ్చుకుని "స్టాంపులు వద్దు! స్టాంపులు వద్దు!" అని అరిచారు. చేసిన చేతులతోనే అంటించడం గౌరవమని కెజియాకు కాగడా ఇచ్చారు. ఆవిడ వెళ్ళి బొమ్మ ముందు నిలబడింది. అలాగే నిలబడిపోయింది.

"కానివ్వమ్మా," అన్నాడు డీకన్.

"కాల్చను," అంది కెజియా.

"కాల్చవా? తీర్మానమైంది కదమ్మా!"

"అయితే అవనివ్వండి."

"గడ్డే కదే తల్లీ!"

"గడ్డేనని కుట్టినదాన్ని, నాకు తెలీదూ?" కెజియా కాగడా వెనక్కి లాక్కుంది. "వారం నించీ నా వంటింట్లో నా ఎదురుగా కూర్చున్నాడు వీడు. నేనేం చెప్పినా విన్నాడు. లేచి పారిపోలేదు. గాలి ఎటు తిరిగిందో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఇట్లాంటి మగాణ్ణి తగలెట్టమంటే నా చేతులెలా వస్తాయి?"

జనమంతా ఒక్కసారిగా జేబెజ్ వైపు తిరిగారు. ఎలాగూ ఇప్పుడు అతని వంతే. బొమ్మను చూసి భయపడి, టోపీ ఎగరేసి, "స్వేచ్ఛ వర్ధిల్లాలి, స్టాంపులు నశించాలి" అని రాజీనామా ఇవ్వాలి. వారమంతా బట్టీ పట్టాడు. నోరు తెరిచాడు.

"గాలి..." అన్నాడు.

ఊరు ఊరంతా ఒక్కసారే మూలిగింది.

"గాలిని గాలికొదిలెయ్‌రా వెధవా!" అని అరిచాడు ముసలి సెత్.

జేబెజ్ బొమ్మను చూశాడు. అది తల పక్కకు వాల్చి, చెప్పు వింటున్నా అన్నట్టే ఉంది. పీపాల ముందు అన్నన్నిసార్లు వల్లించిన మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదొక్కటే ఉంది కడుపులో. అదే బయటికొచ్చింది.

"కెజియా, నాకు పందుల అధికారి అవ్వాలనుంది."

పక్క ఊరివాళ్ళకు అర్థం కాక ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. మా ఊళ్ళో అర్థం కానివాళ్ళు లేరు. డీకన్ భార్య అప్పుడే కళ్ళొత్తుకోవడం మొదలెట్టింది.

"ఎన్నాళ్ళనించి?" అంది కెజియా.

"అబ్బో... చాలా ఏళ్ళయింది."

"ఎవరికైనా చెప్పావా?"

"పీపాలకి చెప్పా."

"అవేమన్నాయి?"

"ఏమీ అనలేదు."

"మరి నేనంటాగా! నన్నడగొచ్చుగా, మొద్దు మొహమా!" కాగడా సెత్ చేతిలో పెట్టి, బొమ్మ ఒంటిమీది కోటు విప్పి తెచ్చి, అందరి ముందూ జేబెజ్‌కు తొడిగింది. కుడిభుజం దగ్గర చేత్తో ఓసారి సర్దింది. సర్దడానికి అక్కడేమీ లేదు, అతికినట్టు సరిపోయింది. అయినా చెయ్యి తియ్యలేదు.

పిండిమరవాడు ముందుకొచ్చాడు. "మరి నా పిండి?" అన్నాడు, పాపం.

"జిగురు ఉడకేసి బొమ్మ మొహానికి పూశానండీ," అంది కెజియా. "చాలా మంచి పిండి. ఎక్కడా ఉండ కట్టలేదు."

అంతా బాగానే ఉంది గానీ, నెగ్గిన తీర్మానం అలాగే ఉండిపోయింది. తగలెట్టాలని చేతులెత్తాక తగలెట్టకుండా ఇంటికి పోతే రాజుగారు ఏమనుకుంటారు? అక్కడే రేవులో సభ పెట్టారు. వాదించారు. చలేసి వణికారు. చివరికి ముసలి సెత్ సవరణ ప్రతిపాదించాడు: మనిషిని వదిలేసి టోపీ కాల్చాలి. ఏకగ్రీవంగా నెగ్గింది, డీకన్ ఓటు ఒక్కటి తప్ప. టోపీ ఆయనదే మరి. గోతి నీళ్ళలో పడి తడిసిన ఉన్ని టోపీ, మండమంటే మండదు. కంపు కొడుతూ పొగలేసింది. ఆ పొగలోనే జేబెజ్ రాజీనామా చదివాడు, దగ్గుకుంటూ. జనం ఈలలేశారు. రొట్టెలావిడ వచ్చి అతని చెంపలు నిమిరి, "ఉమ్మినందుకు ఏమనుకోకు నాయనా" అంది.

బొమ్మ కెజియా మొక్కజొన్న చేలో కాపలాకు చేరింది. రాజుగారు తర్వాత ఆ స్టాంపు పన్ను ఎత్తేసిన మాట నిజం. అది తన టోపీ మహిమేనని డీకన్ అంగడికొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ తర్వాత టీ మీద పన్నేశారు, సైన్యాన్ని దింపారు, పెద్ద గొడవలే అయ్యాయి. అవి నవ్వుతూ చెప్పే సంగతులు కావు.

నాక్కావలసింది మాత్రం వాళ్ళ పెళ్ళయ్యాక వచ్చిన మార్చి సభ. రోడ్లయ్యాయి, కంచెలయ్యాయి, చేపల తూకమయింది. జేబెజ్ ఆ కోటు వేసుకుని, వెనక బల్లమీద ఎప్పటి చోటే కూర్చుని, మోకాళ్ళ మీద టోపీ నలుపుతున్నాడు.

"పందుల అధికారి," అని ఆగాడు డీకన్. కావాలనే ఆగాడు, పాపిష్టి మనిషి. తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకున్నాడు. "జేబెజ్ స్ప్రేగ్!"

మందిరం కప్పు ఎగిరిపోయేలా నవ్వారు. అన్నేళ్ళూ పక్కనుండి విన్న నవ్వు ఇప్పుడు తన నెత్తిమీదే కురిసింది. చెవులదాకా ఎర్రబడాల్సినవాడు, లేచి నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఒప్పుకుంటున్నావా లేదా?" అన్నాడు డీకన్.

జేబెజ్ నోరు తెరిచాడు. మాట రాలేదు.

"ఒప్పుకుంటున్నాడు!" అని పైనుంచి కేక. సభలో ఆడవాళ్ళు మాట్లాడకూడదు. డీకన్ తల కూడా ఎత్తకుండా "నమోదైంది" అన్నాడు. జేబెజ్ కన్నీళ్ళు తుడుచుకుని పైకి చూశాడు. మా ఊళ్ళో ఏ కొత్త పెళ్ళికూతురూ చెయ్యని పని కెజియా చేస్తోంది. టోపీ వెనక్కి తోసేసుకుని, కటకటాల మీంచి సగం ముందుకు వంగి, అందరికంటే గట్టిగా నవ్వుతోంది.